అడ్డం పువ్వు

"లేబుల్ డెస్క్, రంజిత. మళ్ళీ రెడ్."

చంద్రశేఖర్ సార్ కాగితం మీది నుంచి కళ్ళు ఎత్తలేదు. షెడ్డు మేనేజరైన ఆయనకు పొద్దునే అందరినీ వరుసగా నిలబెట్టి బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చిన రిపోర్టు చదవడం ఈ మధ్య మొదలైన అలవాటు. బడిలో హాజరు వేసినట్టే ఉంటుంది. బడిలో అయితే ఉన్నామని చెప్పుకునేందుకు ఒక అవకాశం ఇచ్చేవాళ్ళు.

"కోల్డ్ రూములో ఉండినాను సార్," అంది రంజిత.

"నాకు తెలుసు. సిస్టమ్‌కు తెలియాలి కదా."

"దానికి ఎవురు చెప్తారు సార్?"

"అదే ప్రాబ్లం," అన్నాడాయన, ఎవరి ప్రాబ్లమో చెప్పకుండా. "ఇట్లే రెడ్ వస్తా ఉంటే డెస్క్‌కు వేరే మనిషిని చూడమంటారు. తర్వాత నన్ను అడగొద్దు."

హోసూరు దాటినాక కెలమంగలం రోడ్డులో ఉంది ఆ గులాబీల షెడ్డు. చుట్టుపక్కల ప్లాస్టిక్ కప్పుల పాలీహౌసుల నుంచి తెల్లారేసరికి పూలు వచ్చి దిగుతాయి. ఆడవాళ్ళు పొడుగాటి బల్లల ముందు నిలబడి ముళ్ళు గీకి, కాడ పొడుగు చూసి, ఇరవై పూలకు ఒక కట్ట కట్టి, అట్ట చుట్టి బకెట్లో పెడతారు. కట్టకు లేబుల్ తీయడం రంజిత పని. తీసి అంటించాలి, కోల్డ్ రూములోకి పోయి బకెట్లు లెక్కపెట్టాలి, తిరిగొచ్చి ఆ లెక్క కంప్యూటర్లో కొట్టాలి. సగం పని కుర్చీలో, సగం చలిలో.

బెంగళూరు ఆఫీసువాళ్ళు పెట్టిన కొత్త ప్రోగ్రాముకు కుర్చీలో సగమే తెలుసు. రెండు మూడు నిమిషాలు మీటల మీదో మౌసు మీదో చెయ్యి పడకపోతే స్క్రీను మూలన ఉన్న పచ్చ గడి ఎర్రబడుతుంది. ఆ మనిషి పనిలో లేనట్టు లెక్క. రంజిత శాలువా చుట్టుకుని ముక్కు తుడుచుకుంటూ బకెట్ల మధ్య నిలబడిన ప్రతిసారీ బయట ఆ గడి ఆమెను సోమరి అని రాసిపెడుతోంది.

ఆదివారం తమ్ముడు యతీశ్ కెలవరపల్లి నుంచి బండి మీద వచ్చినప్పుడు ఆమె ఈ సంగతి చెప్పింది. అతను బెంగళూరు కంపెనీకి ఇంట్లో నుంచే పని చేస్తాడు. ఏం పని అని ఎవరైనా అడిగితే వాళ్ళ అమ్మ "కంప్యూటర్లో తప్పులు వెతుకుతాడు" అంటుంది. అడిగినవాళ్ళు జాలిపడతారు.

"ఇంతేనా? చిన్న యుటిలిటీ అక్కా. అర్ధగంట పని," అన్నాడు యతీశ్, రాగిముద్ద పులుసులో అద్దుకుంటూ.

అర్ధగంట అనే మాటను రంజిత ప్లంబరు నోట విన్నది, జాకెట్లు కుట్టే ఆమె నోట విన్నది. ఊఁ అని ఇంకో గరిటె పులుసు పోసింది. సోమవారం సార్‌ను అడిగితే వైరస్ రాకుంటే సరి అన్నాడు.

యతీశ్ పెన్ డ్రైవ్‌లో ఇచ్చిన మొదటి సరుకు మౌసును కదిలించేది. ఎవరూ ముట్టకపోయినా స్క్రీను మీది బాణం గుర్తు తనంతట తానే కొంచెం జరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. చూడ్డానికి పూనకం వచ్చేముందు మనిషి ఊగినట్టుంది. గడి పచ్చగానే ఉంది, అది నిజం. కానీ మధ్యాహ్నం రంజిత ప్రింటు మీద నొక్కబోయే సమయానికి బాణం పూల పేర్ల జాబితాలో ఒక వరుస కిందికి జారింది. ఆమె చూసుకోలేదు.

"ఏం పాపా," అని బల్ల దగ్గర నుంచి కేకేసింది చెన్నమ్మ. షెడ్డు పెట్టినప్పటి నుంచి ఉన్న మనిషి, ముళ్ళు గీకి గీకి బొటనవేలు చెక్కలాగ అయిపోయింది. "తెల్ల పువ్వుకు తాజ్‌మహల్ అని అంటించినావు. నాకు చదువు రాదు గానీ, ఎర్ర లేబుల్ గుర్తుపట్టేంత కండ్లు ఉండాయి."

తాజ్‌మహల్ అనేది ఎర్ర గులాబీ. బండెడు తెల్ల కట్టల మీద ఎర్ర పేరు. పక్క బల్ల మంజులమ్మ, రంజిత కూర్చుని అట్ట చిరగకుండా గోటితో ఒక్కొక్క లేబులూ పీకారు. ఆ పీకేంతసేపూ బాణం హాయిగా ఊగుతూనే ఉంది, గడి పచ్చగానే ఉంది.

"మౌసు దానంతట అది పోతా ఉంది రా," అని సాయంత్రం ఫోన్లో చెప్పింది.

"అదే కదక్కా ఫీచర్!"

"నేను పని ఎగ్గొట్టేదానికి అడగలేదురా. పని చేస్తా ఉంటే, చేస్తా ఉన్నానని చెప్పేదానికి అడిగినాను. నేను మీట నొక్కితే, లేచి పనికే పోయినానని తెలియాల. అంతే."

"అంతేనా? అర్ధగంట."

రెండో సరుకు రెండు రోజులకు వచ్చింది. తెరవగానే పాస్‌వర్డ్ అడిగింది. అది దాటితే నీలం రంగు పెద్ద పెట్టె. పైన గడియారం, కింద యతీశ్ సొల్యూషన్స్ అని వంకర అక్షరాలు. మధ్యలో 'ఎక్కడికి వెళ్తున్నారు?' అని ఒక ప్రశ్న, దాని కింద జాబితా: కోల్డ్ రూమ్, స్టోర్, లోడింగ్, టీ, టాయిలెట్, మీటింగ్, ప్రార్థన, ఇతరములు. ఇతరములు నొక్కితే వివరం రాయమంటుంది. రాయకపోతే కదలనివ్వదు.

"ప్రార్థన ఎందుకురా?" అంది ఫోన్లో.

"ఎవురికైనా కావాల్సి వస్తుంది కదక్కా. యూజర్‌కు ఆప్షన్స్ ఇయ్యాల."

"నాకు ఆప్షన్స్ వద్దు. నేను యాడికి పోతే దానికేం?"

"కారణం లేకుంటే డేటా యాడ ఉంటుందక్కా?"

చెప్పబోయి ఆగింది రంజిత. ఎదురుగా బల్ల దగ్గర చెన్నమ్మ కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మెడ వంగిపోయిన ఒక పువ్వు ఏరి తన కుప్ప మీద అడ్డంగా పెట్టి బయటికి నడిచింది.

షెడ్డులో ఎవరు బల్ల వదిలినా అంతే చేస్తారు. పనికిరాని పువ్వొకటి తీసి కుప్ప మీద అడ్డం పెడతారు. మళ్ళీ వస్తాను, నా కుప్ప ముట్టకండి అని దాని అర్థం. నీళ్ళకు పోయిందో, బిడ్డ బడి నుంచి ఫోనొచ్చిందో, కడుపులో నొప్పికి కాసేపు గోడకు ఆనుకుని కూర్చుందో పువ్వు చెప్పదు, పువ్వును ఎవరూ అడగరు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. కొత్తగా చేరిన పిల్ల కూడా రెండో రోజుకే నేర్చేసుకుంటుంది. ఎంత తొందరలో ఉన్నా, పైనుంచి బండి వచ్చి నిలబడినా, అడ్డం పువ్వు ఉన్న కుప్పను ఇంకొకరు లాక్కోరు.

"యతీశూ, విను. కారణాలన్నీ తీసెయ్. పాస్‌వర్డ్ తీసెయ్. నీ పేరు కూడా తీసెయ్. ఒక మీట నొక్కితే స్క్రీను మీద ఒక గులాబీ పువ్వు రావాల. తిరిగి నొక్కితే పోవాల."

"పువ్వా?"

"పువ్వే. ఎంతసేపు ఉండిందో లోపల రాసుకోనీ, సార్ అడిగితే చూపిస్తా."

అటు వైపు నిట్టూర్పు వినిపించింది. జాబితా చేసిన చేతులతో పువ్వు పెట్టాల్సి వచ్చినందుకు బాధ.

మూడో సరుకులో పువ్వు నిలువుగా వచ్చింది. చుట్టూ మెరుపులు.

"నిలువుగా పెడితే అది పుట్టినరోజు కార్డురా. అడ్డంగా పెట్టు. మెరుపులు వద్దు."

"అడ్డంగా ఉంటే చూసేకి బాగుండదక్కా."

"చూసేకి కాదు."

నాలుగో సరుకులో అడ్డంగా పడింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, కాడతో సహా. రంజిత మీట నొక్కి, లేచి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. మంజులమ్మ కత్తి చేతిలో ఉండగానే వచ్చి చూసి, "అయ్యో, నీ బల్ల మీద కూడా పెట్టేసినావా అక్కా!" అని నవ్వింది. ఆ నవ్వు రంజితకు నెల జీతంలో ఎక్కడా రాదు.

మూలన గడి మాత్రం ఎర్రబడుతూనే ఉంది. కంపెనీ ప్రోగ్రామును ముట్టుకుంటే ఉద్యోగం పోతుందని యతీశ్ ముందే చెప్పాడు. ఫరవాలేదు, ఎరుపుకు జవాబు ఇప్పుడు చేతిలో ఉంది. మర్నాడు సార్ కాగితం చదవగానే రంజిత పోయి చూపించింది: ఇదిగో సార్, రెడ్ ఉన్నప్పుడల్లా పువ్వు ఉంది. పువ్వు ఉన్నప్పుడు నేను కోల్డ్ రూములో ఉన్నాను.

సార్ వంగి స్క్రీను చూశాడు. తనే మీట నొక్కి పువ్వు తెప్పించాడు, పోగొట్టాడు, మళ్ళీ తెప్పించాడు.

"సూపర్‌గా ఉందే! ఎవరు చేసినారు?"

"నా తమ్ముడు సార్."

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. కానీ ఎన్నాళ్ళకో ఒకరు మెచ్చుకున్నారు కదా అని, అడగగానే తమ్ముడి ఫోన్ నంబర్ కూడా చెప్పేసింది.

శుక్రవారం కంప్యూటర్ తెరిచేసరికి పువ్వు చిన్నదైపోయి ఒక మూలకు చేరింది. మధ్యలో షెడ్డులో ఉన్న ఆడవాళ్ళందరి పేర్లు. పక్కన పాత జాబితా, ఒక్కటి కూడా తగ్గకుండా, ప్రార్థనతో సహా.

సార్ చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాడు. "ఈ రోజు నుంచి ఎవరు బల్ల వదిలి పోయినా రంజిత దగ్గర చెప్పి పోవాల. యాడికి, ఎందుకు అని ఆమె ఎక్కిస్తుంది. బల్ల మీద పువ్వు పెట్టేది ఇంక వద్దు. అంతా సిస్టమ్‌లోనే."

రంజిత బయటికి పరిగెత్తి తమ్ముడికి ఫోన్ చేసింది.

"సారే ఫోన్ చేసినారక్కా!" యతీశ్ గొంతులో పండగ. "నా పని నచ్చిందంట. వేరే బ్రాంచులకు కూడా పెడతారంట. రాత్రంతా కూర్చుని చేసినా."

"నన్ను ఒక మాట అడిగినావా?"

"నువ్వు చెప్పినదాన్నే కదక్కా పెద్దగా చేసింది?"

రంజిత ఫోన్ పెట్టేసింది. లోపలికి వచ్చేసరికి డెస్కు ముందు సెల్వి నిలబడి ఉంది. రాయకోట పక్క నుంచి రైల్లో వచ్చే పిల్ల, మాట్లాడటమే తక్కువ. పక్కనే బకెట్లు చేరవేసే మాదేశ్ తోపుడు బండి ఆపుకుని లేబుళ్ళ కోసం నిలబడ్డాడు. జాబితా అడుగుతోంది కాబట్టి రంజిత కూడా అడిగింది.

"యాడికి సెల్వీ?"

సెల్వి మాదేశ్‌ను చూసింది, స్క్రీను చూసింది. మాదేశ్ పాపం పైకప్పు చూశాడు.

"ఏంలే అక్కా," అని సెల్వి వెనక్కి తిరిగి తన బల్ల దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం దాకా ఆ పిల్ల కదలలేదు. ముళ్ళు గీకుతూ, మధ్యలో కత్తి ఆపి, బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని, మళ్ళీ గీకుతూ. రంజిత లేబుల్ తీసిన ప్రతిసారీ ఆ చేతులే కనపడ్డాయి.

అన్నాల వేళకు ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని జనరేటర్ గది నీడలోకి పోయింది. మాటలు ఆగిపోయాయి.

"రా, కూచో," అంది చెన్నమ్మ, జరగకుండా. "తినేకి వచ్చినావా, ఎవురు ఎన్ని ముద్దలు తింటుండారో ఎక్కించుకునేకి వచ్చినావా?"

"నేను పెట్టమనలేదు చెన్నమ్మక్కా."

"నువ్వు పెట్టమనలేదు. నువ్వు నేర్పించినావు. మా బల్ల మీద పువ్వు ఎత్తుకుపోయి నీ కంప్యూటర్ డబ్బాలో పెట్టుకున్నావు. ఇప్పుడు మాకు పువ్వూ లేదు." ఆమె మజ్జిగ అన్నం కలుపుకుంది. "ఇన్నేండ్లలో నన్ను యాడికి అని మా ఇంటాయన అడగలేదు. నువ్వొచ్చి అడుగుతావు."

మంజులమ్మ తలెత్తలేదు. సెల్వి అక్కడ లేనే లేదు. రంజిత డబ్బా తెరవకుండానే లేచి వచ్చేసింది.

"తీసెయ్ రా దాన్ని," అంది ఫోన్లో.

"ఎట్ల తీసేదక్కా? సార్ ఇప్పుడు క్లయింట్."

"మరి నేనెవురు?"

"నువ్వు యూజర్."

"యూజర్ ఏం చెయ్యొచ్చు?"

"సజెషన్స్ ఇయ్యొచ్చు. సార్ చెప్పినారు కూడా, వాడేది రంజిత, ఆమె ఏం మార్చమంటే అది మార్చు అని."

గోడ అవతల జనరేటర్ దగ్గింది.

"అట్లనా," అంది రంజిత, పక్కింటావిడకు పెరుగు తోడు అడిగేంత మెత్తగా. "అయితే రాసుకో. అందరినీ పంపించేకి నేనెంత దాన్ని? పర్మిషన్ ఇయ్యాల్సింది సార్. ఎవురు పోవాలన్నా ముందు సార్ కంప్యూటర్లో కనపడాల."

"అప్రూవల్!" అన్నాడు యతీశ్. పెన్ను తీసుకున్న చప్పుడు.

"సార్‌కు ఎన్నో పనులు. చూసుకోకుండా పోతే? అందుకని ఆయన ఏం తెరిచి ఉన్నా దాని మీద రావాల."

"అన్నిటి పైన. అది సులభం."

"పువ్వు మళ్ళీ పెద్దగా చెయ్. అడ్డంగా. ఆయన సరే అని నొక్కేదాకా పోకూడదు. ఒక గంట కూడా మోగితే మర్యాదగా ఉంటుంది."

"అక్కా, నీకు మా కంపెనీలో ఉద్యోగం ఇప్పించొచ్చు."

"ఎంతసేపు పడుతుంది?"

"అర్ధగంట."

ఈసారి నిజంగానే అర్ధగంటలో అయిపోయింది. పని ఎంత చెడ్డదైతే అంత చురుగ్గా అవుతుందేమో. సార్‌కు చెబితే ఆయన తృప్తిగా తల ఊపాడు. తన అనుమతి లేకుండా ఎవరూ కదలరన్న మాట ఆయనకు భోజనం తర్వాత సోంపులాగా పనిచేసింది.

సోమవారం పొద్దున రంజిత మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర చెన్నమ్మ పక్కన నిలబడింది.

"చెన్నమ్మక్కా, ఈ రోజు సార్‌కు బెంగళూరు ఓనరుతో పెద్ద మీటింగు ఉందంట, కంప్యూటర్లోనే. పూలు కొనే దుబాయి పార్టీ కూడా ఉంటారంట."

"ఉండనీ. మాకేం?"

"ఏంలే. ఎండలు మొదలైనాయి. అందరినీ నీళ్ళు బాగా తాగమను. ఎవురికి ఎప్పుడు లేవాలన్నా సంకోచం వద్దు. నేను ఎవురినీ యాడికి అని అడగను. నా దగ్గరికి వచ్చి నిలబడితే చాలు."

చెన్నమ్మ లోటా చేతిలో పట్టుకుని ఆమె ముఖాన్ని కాడ పొడుగు కొలిచినట్టు కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత లోటా నింపుకుని తాగింది. ఇంకోటి నింపి సెల్వికి పంపించింది.

అద్దాల గదిలో సార్ కాలరు సర్దుకుని మీటింగు మొదలుపెట్టాడు. తన స్క్రీను అందరికీ కనపడేట్టు పెట్టి పూల ఫోటోలు ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. మొదట సెల్వి వచ్చి నిలబడింది. రంజిత ఏమీ అడగకుండా, ఎవరి పేరూ వెతక్కుండా, పై వరుసలో ఉన్న తన పేరే నొక్కింది. కారణం దగ్గర ఇతరములు పెట్టి 'మంచినీళ్ళు' అని కొట్టింది. సెల్వి బయటికి పోయింది.

అద్దాల గదిలో గంట మోగింది. సార్ చెయ్యి చటుక్కున మౌసు మీద పడింది.

తర్వాత మంజులమ్మ. రంజిత, మంచినీళ్ళు. గంట. తర్వాత ఇద్దరు కలిసి వచ్చారు. గంట, గంట. సార్ ఒక చేత్తో నొక్కుతూ ఇంకో చేత్తో ఫోటోలు జరుపుతూ మాట్లాడుతున్నాడు. చెన్నమ్మ తీరిగ్గా కొంగు సర్దుకుంటూ వచ్చి, "నేను పోయొచ్చి మళ్ళీ పోతా," అంది.

తలుపు సందులోంచి ఓనరు గొంతు షెడ్డంతా వినిపించింది. "చంద్రశేఖర్, వాట్ ఈజ్ దిస్ ఫ్లవర్? హూ ఈజ్ రంజిత? వై ఈజ్ షీ ఆల్వేస్ థర్స్టీ?"

దుబాయి మనిషెవరో గట్టిగా నవ్వాడు. సార్ నవ్వబోయాడు. అంతలో ఇంకో గులాబీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడింది.

మీటింగు అయినాక ఆయన బయటికి వచ్చినప్పుడు చెవులు తాజ్‌మహల్ రంగులో ఉన్నాయి.

"తీసెయ్ రంజితా. ఇప్పుడే తీసెయ్."

"నా చేత తీసేకి కాదు సార్. నేను యూజర్. మీరు క్లయింట్. మీరు చెప్పాల."

ఆయన అక్కడే నిలబడి యతీశ్‌కు ఫోన్ చేశాడు. సాయంత్రానికి పేర్లు పోయాయి, జాబితా పోయింది, గంట పోయింది. బల్లల మీద అడ్డం పూలు ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాయి. సార్ వాటిని చూసి కూడా చూడనట్టు పోయాడు. రంజిత తన మీట నొక్కి చూసుకుంది. ఏమీ రాలేదు. తోమే చేత్తో మరకతోపాటు పూత కూడా పోయినట్టు, ఆమె పువ్వు కూడా పోయింది.

మర్నాడు పొద్దున కాగితం.

"లేబుల్ డెస్క్, రంజిత. రెడ్." ఈసారి ఆయన కళ్ళెత్తి చూశాడు కూడా. "డెస్క్ సంగతి ఈ వారం చూస్తా."

ఎవరినీ తిట్టుకోవడానికి కూడా తీరిక లేదు. ప్రేమికుల రోజుకు పోయే ఫిబ్రవరి పూలు కొండలాగా వచ్చి పడుతున్నాయి. రంజిత శాలువా చుట్టుకుని కోల్డ్ రూములోకి పోయింది. లెక్కపెడుతూ మధ్యలో తప్పింది, మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. బయటికి వచ్చేసరికి వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి.

ఆమె డెస్కు మీద, సరిగ్గా మీటల మీద, ఒక కట్ట అడ్డంగా పడి ఉంది. మెడలు వంగినవి, రేకులు నలిగినవి, అన్నీ పనికిరాని పూలే. అయినా ఇరవై ఏరి, రబ్బరు బిగించి, కాడలు సమంగా కోసిన కట్ట. ఒక్క పువ్వు పెడితే ఆ నల్ల మీటల పలక మీద ఆనదనుకున్నట్టున్నారు.

బల్లల దగ్గర ఎవరూ తలెత్తలేదు. చెన్నమ్మ బొటనవేలు కాడ మీద జర్రున జారుతోంది. మంజులమ్మ మాత్రం పెదవి కొరుక్కుంటోంది.

రంజిత కట్ట ఎత్తబోయి ఆగింది. స్క్రీను మీద లేబుల్ పేరు రాసే గడిలో ఒకే అక్షరం అటు చివరిదాకా పరిగెత్తి, చోటు చాలక నిలబడిపోయింది. మూలన చిన్న గడి వైపు చూసింది.

పచ్చగా ఉంది. తను పోయినంతసేపూ పచ్చగానే ఉండి ఉండాలి. ప్రోగ్రాము దృష్టిలో ఆమె ఈ రోజు చేసినంత శ్రద్ధగా ఎప్పుడూ పనిచేయలేదు.

జేబులో ఫోన్ మోగింది.

"అక్కా, పాపం నీ పువ్వు కూడా పోయింది కదా. నీకు మాత్రం వేరేగా ఒక వెర్షన్ చేసిపెడతా. అర్ధగంట పని."

"వద్దులేరా. దొరికింది."

"దొరికిందా? ఎవురు చేసినారు?"

"ఈడ మా చెన్నమ్మక్క."

"యాడ పని చేస్తుందామె?"

"నా ఎదురు బల్ల. పెట్టేస్తా, బకెట్లు ఉండాయి."

ఆమె గడిలోని అక్షరాలన్నీ చెరిపేసింది. కట్టను రెండు చేతులా పట్టుకుని అక్షరాల మీది నుంచి పక్కకు జరిపింది. ఎక్కువైంది, మళ్ళీ కొంచెం ఇటు. కాడల చివర్లు ఎడమ మూలన, నొక్కినా ఏమీ రాయని మీట మీద ఆనేలా పెట్టి, చెయ్యి తీసి, శాలువాలో వేళ్ళు దాచుకుని నిలబడింది.

గడిలో ఒక్క అక్షరం పడలేదు. మూలన పచ్చ కదలలేదు. ఇంకాసేపు చూసింది. తర్వాత ఎవరికీ ఏమీ చెప్పకుండా కోల్డ్ రూము తలుపు తోసింది.